మధ్యాహ్నం పోటు నీరు: ఉత్తరాంధ్ర తీరంలో ఒక రొయ్యల హేచరీ కేస్ స్టడీ

గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. దూరాలూ లోతులూ గుండుగుత్తగా ఇచ్చాను, కింద వేసిన లెక్కలన్నీ ఆ అంకెల మీదే. నా పని ఒడ్డుకు దగ్గర్లో సముద్రపు నీరు ఎటు, ఎంత వేగంతో పోతోందో కొలవడం. రేవులకో జెట్టీలకో సముద్రంలోకి వేసే పైపులకో పిలుస్తారు. హేచరీ వాళ్లు పిలవడం అరుదు. నీళ్లు తేడా చేస్తే వాళ్లు ముందు ల్యాబ్‌కి, తర్వాత మందుల డీలర్ దగ్గరికి వెళతారు. సముద్రం కదలిక గురించి ఎవరినైనా అడగాలని తట్టదు. ఈ కేసు రాసిపెట్టడానికి అదొక కారణం. ఇంకో కారణం ఉంది. గాలికి ఒక టైమ్ టేబుల్, పోటుకు ఒక టైమ్ టేబుల్. ఆ రెండూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో ఇంత విడమరిచి చూపించే కేసు నాకు తరచుగా దొరకదు.

నేపథ్యం

విశాఖకు ఉత్తరాన తీరం వెంట ఉన్న వనామి రొయ్యల హేచరీల్లో ఇదొకటి. తల్లి రొయ్యల నుంచి పిల్లలు తీసి, సీడ్‌గా పెంచి చెరువుల రైతులకు అమ్ముతారు. శుభ్రమైన సముద్రపు నీరు లేకపోతే ఈ వ్యాపారమే లేదు. కొందరు ఒడ్డున ఇసుకలో బోరు దించి నీళ్లు తీసుకుంటారు. ఇక్కడ ఇసుక కింద త్వరగానే రాయి తగలడంతో నేరుగా సముద్రంలోకి పైపు వేశారు. కెరటాలు విరిగే చోటు దాటాక, దాదాపు 6 మీటర్ల లోతులో, అడుగు నుంచి ఒక మీటరు ఎత్తున పైపు నోరు ఉంటుంది. ఒడ్డున పంపు హౌస్, అక్కడి నుంచి శాండ్ ఫిల్టరు, సెటిల్‌మెంట్ ట్యాంకు, బ్లీచింగ్, మళ్లీ ఫిల్టర్లు, చివర క్రిములను చంపే యూవీ కాంతి.

పైపుకి దక్షిణాన సుమారు 800 మీటర్ల దూరంలో ఒక గెడ్డ (చిన్న వాగు) సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలంలో దాన్లో కొండల నుంచి వచ్చే నీరు దాదాపు ఉండదు. ఊరి మురుగు, ఎగువ రొయ్యల చెరువుల నీరు, రెండు మూడు హేచరీలు వదిలే నీరు, అంతే. మా క్లయింటు వదిలే నీరు కూడా అందులోకే పోతుంది. ఆ సంగతి ఆయన మొదటి మీటింగ్‌లో చెప్పలేదు, గెడ్డ గట్టు మీద నడుస్తుంటే గొట్టం కనబడింది. మొగ దగ్గర, అంటే గెడ్డ సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట వేసినప్పుడల్లా ఎవరో ఒకరు పొక్లెయిన్ తెచ్చి కొట్టిస్తారు. పోటుకి సముద్రం గెడ్డలోకి ఎక్కుతుంది, పాటుకి గెడ్డ సముద్రంలోకి దిగుతుంది.

మన తీరం మ్యాపులో నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది, సముద్రం ఆగ్నేయం వైపు. తీరం వెంట ఈశాన్యానికి పోవడాన్ని ఇక్కడ అందరూ ఉత్తరానికి పోవడమనే అంటారు. నేనూ అలాగే రాస్తాను.

సమస్య

ఫిబ్రవరి నుంచి మే వరకు కొన్ని బ్యాచ్‌లు చక్కగా వచ్చేవి. కొన్ని మాత్రం జోయియా అనే తొలి పిల్ల దశ దాటకుండానే పడిపోయేవి. ట్యాంకు నీటిని టీసీబీఎస్ ప్లేట్ (విబ్రియో బ్యాక్టీరియాను పెంచి చూసే ల్యాబ్ పళ్లెం) మీద వేస్తే చెడ్డ రోజుల్లో విబ్రియో ఆకుపచ్చ చుక్కలు గుంపులుగా లేచేవి. సెలినిటీ, అంటే నీటిలో వెయ్యి పాళ్లకు ఉప్పు ఎన్ని పాళ్లో, అది కూడా ఊగేది. ఆ సీజన్‌లో 34 దగ్గర ఉండాల్సింది కొన్నిసార్లు 31కి పడేది. యజమాని మాటల్లోనే చెప్పాలంటే: "సార్, అదే సముద్రం, అదే పైపు. పది రోజులు అమృతం, అయిదు రోజులు విషం."

ఆ పది, అయిదు లెక్క ఆయన ఊరికే అనలేదు. పంపు రిజిస్టరూ ల్యాబ్ రిజిస్టరూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంచుమించు పదిహేను రోజులకోసారి అదే వరస తిరిగి వస్తోంది. దాంతో స్టాఫ్ తిథులు చూడటం మొదలుపెట్టారు. పంపు ఆపరేటర్ దగ్గర గోడ క్యాలెండర్‌లో చెడ్డ రోజులన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఈ కేసులో మాకు దొరికిన మొదటి మంచి డేటా ఆ క్యాలెండరే.

అప్పటికే చేసి చూసినవి

బ్లీచింగ్ డోసు పెంచారు. సేంద్రియ పదార్థం, అమ్మోనియా ఎక్కువగా ఉన్న నీటిలో క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది. డోసు పెంచితే క్లోరమైన్లు మిగులుతాయి, వాటిని విరగ్గొట్టడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) ఎక్కువ వేయాలి. పిల్లలకు అదీ కష్టమే. నీరు మొదట్లోనే చెడ్డదైతే ట్రీట్‌మెంట్‌తో దాన్ని మంచి నీరు చేయడానికి ఒక హద్దు ఉంది.

రెండోది, పోటు ఎక్కి నిండుగా ఉన్నప్పుడే పంపు వేయాలన్న నియమం. చాలా హేచరీల్లో ఇదే పద్ధతి. ఇందులో తర్కం లేకపోలేదు. పాటు తీసేటప్పుడు గెడ్డ నీరు బయటికి వస్తుంది, పోటులో సముద్రపు నీరు లోపలికి తోస్తుంది, కాబట్టి నిండు పోటులో పైపు దగ్గర ఉండేది శుభ్రమైన నీరే అయి ఉండాలి. రోజుకి రెండు పోట్లు వస్తాయి. రాత్రి పంపు దగ్గర మనిషిని ఉంచడం కష్టం కాబట్టి పగటి పోటునే వాడేవారు. నియమం పెట్టాక కూడా చెడ్డ రోజులు తగ్గలేదు. తగ్గకపోగా, ఇంతకుముందు చెదురుమదురుగా ఉన్నవి ఇప్పుడు ఒక క్రమంలో రావడం మొదలైంది. నాకు పట్టు దొరికింది ఇక్కడే. ఒక నియమం సమస్యను తీర్చకుండా దానికొక లయ ఇచ్చిందంటే, ఆ నియమానికీ సమస్యకూ మధ్య ఏదో లింకు ఉన్నట్టే.

మూడోది, ఒడ్డున నిలబడి కెరటాల్లోకి కొబ్బరి బోండాలు విసిరి ఎటు పోతున్నాయో చూడటం. పొద్దున విసిరినా సాయంత్రం విసిరినా అవి ఉత్తరానికే, మనిషి వడివడిగా నడిస్తే అందుకునే వేగంతో పోయేవి. దాంతో గెడ్డ నీరు ఎప్పుడూ మన వైపే వస్తోందని, పైపు ఇంకా 400 మీటర్లు లోపలికి పొడిగించడమే దారని యజమాని నిర్ణయానికి వచ్చేశారు. కొటేషన్ కూడా తెప్పించారు. ఆ ఖర్చుకు ముందు రెండో అభిప్రాయం కోసమే నన్ను పిలిచారు.

పరికరాలు దించకముందు కాగితం మీద

బోండాలు చూపించింది అబద్ధం కాదు, కానీ అది పైపు దగ్గరి నీటి సంగతి కాదు. కెరటాలు ఒడ్డుకు కాస్త ఏటవాలుగా వచ్చి విరిగితే ఆ విరిగే పట్టీలో మాత్రమే ఒక ప్రవాహం పుడుతుంది. ఒక మీటరు కెరటం 10 డిగ్రీల వాలుతో విరిగితే ఆ వేగం సెకనుకు దాదాపు 60 సెంటీమీటర్లు ఉంటుందని వాడుకలో ఉన్న సూత్రం చెబుతుంది. ఆ కెరటాల్లో ఎక్కువ భాగం దక్షిణాన ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో పుట్టిన ఉబ్బు అలలవి. వాటికి పగలూ రాత్రీ తేడా లేదు, మన ఊరి గాలితో పనీ లేదు. పైపు నోరు ఉన్నది ఆ పట్టీకి బయట. పైగా బోండాలు ఎప్పుడూ ఒకే వైపు పోతుంటే నీరు ఎప్పుడూ చెడ్డగానే ఉండాలి కదా? పది రోజులు బాగుండటాన్ని అది వివరించదు.

తర్వాతి అనుమానం అడుగు నీరు పైకి రావడం. మార్చి, ఏప్రిల్ నెలల్లో నైరుతి గాలి మన తీరానికి సమాంతరంగా వీచి, పైనీటిని ఒడ్డు నుంచి సముద్రం లోపలికి తోసి, అడుగున ఉన్న చల్లటి నీటిని ఒడ్డుకు లేపుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు లాఫాండ్ వాల్తేరు తీరంలో దీన్ని కొలిచి రాశారు కూడా. అయితే అలా లేచే నీటికి ఒక గుర్తు ఉంటుంది. చల్లగా, ఉప్పగా ఉంటుంది. ఇక్కడ ల్యాబ్ రిజిస్టరులో చెడ్డ రోజుల నీరు వెచ్చగా, ఉప్పు తక్కువగా ఉంది. కాబట్టి అది లోతు నీరు కాదు, నేల మీది నుంచి వచ్చిందే. అనుమానం మళ్లీ గెడ్డ మీదికే మళ్లింది.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. 800 మీటర్ల దూరంలో ఉన్న నీటిని కొన్ని రోజులు మాత్రమే ఇక్కడికి తెస్తున్నది ఏమిటి? అడ్డేమీ లేని ఇలాంటి తీరంలో పోటుపాట్ల వల్ల తీరం వెంట పోయే ప్రవాహం బలహీనం. పెద్ద పోటు రోజుల్లో కూడా నీటి మట్టం తేడా ఒకటిన్నర మీటరు చుట్టూనే. కాబట్టి గాలి వైపు చూశాను.

సముద్రశాస్త్రం చదువుకుని కొత్తగా వచ్చిన పిల్లలు ఇక్కడే తడబడతారు. ఉత్తరార్ధగోళంలో నీరు గాలికి కుడివైపు తిరుగుతుందని పాఠం. నిజమే, కానీ తిరగడానికి లోతు కావాలి. మన అక్షాంశంలో సెకనుకు 6 మీటర్ల గాలికి అలా తిరిగే నీటి పొర మందం 80 మీటర్ల చుట్టూ ఉంటుంది. 6 మీటర్ల నీటిలో అంత చోటు ఎక్కడిది? పైన గాలి తోసేదీ అడుగున ఇసుక ఆపేదీ ఒకదాన్నొకటి నేరుగా తగులుతాయి. అందుకే ఇంత లోతులేని చోట నీరు గాలి వెంటే, అందులోనూ తీరానికి సమాంతరంగా ఉన్న భాగం వెంటే పోతుంది.

లెక్క చిన్నదే. మధ్యాహ్నం సముద్రపు గాలి సెకనుకు 7 మీటర్లతో దక్షిణం నుంచి వీస్తే నీటి మీద పడే ఒత్తిడి చదరపు మీటరుకు 0.07 న్యూటన్లు. తీరం 45 డిగ్రీల వాలులో ఉంది కాబట్టి తీరం వెంట తోసే భాగం 0.05. అడుగు ఘర్షణకు సెకనుకు అర మిల్లీమీటరు అనే మామూలు విలువ వేస్తే నీటి వేగం సెకనుకు 10 సెంటీమీటర్ల దగ్గర స్థిరపడుతుంది. ఆ వేగానికి చేరడానికి పట్టే సమయం లోతును బట్టి మారుతుంది. 6 మీటర్ల లోతులో మూడు గంటలకు కాస్త ఎక్కువ, 50 మీటర్ల లోతులో రోజు పైమాటే. రోజులో కొద్ది గంటలే వీచే గాలిని లోపలి సముద్రం పెద్దగా లెక్కచేయదు, ఒడ్డు నీరు మాత్రం మధ్యాహ్నానికే దాని మాట వినేస్తుంది.

ఉదయం 11కి గాలి లేస్తే సాయంత్రం 4కి నీరు దాదాపు 800 మీటర్లు జరుగుతుంది. గెడ్డ నుంచి పైపుకి ఉన్న దూరం అంతే. అంకెలు అంతగా కుదిరేసరికి నాకే అనుమానం వచ్చింది. ఘర్షణ విలువ రెట్టింపు చేస్తే ఈ దూరం 600 మీటర్ల దగ్గరికి పడుతుంది, సగం చేస్తే వెయ్యి మీటర్లు దాటుతుంది. కొలవకుండా ఈ లెక్క ఎవరికీ ఇవ్వకూడదు.

అయినా ఎర్ర సున్నాల క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే కథ అర్థమవుతోంది. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పగటి పోటు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా జరిగి రావడానికి పదిహేను రోజులు పడుతుంది. పోటు ఉదయం 8కి వస్తే, దానికి ముందరి పాటు అర్ధరాత్రి చుట్టూ జరిగింది. అప్పటికి గాలి చచ్చింది, గెడ్డ నీరు మొగ దగ్గరే ఉండి పోటుకి మళ్లీ లోపలికి పోయింది. అదే పోటు సాయంత్రం 4కి వస్తే, పాటు తెల్లవారుజాము నుంచి 10 వరకు నడిచి గెడ్డ నీటిని బయట కుప్ప పోసి పెట్టింది. ఆ కుప్పను గాలి ఎత్తుకుని పైపు దగ్గరికి తెచ్చే వేళకే మన ఆపరేటర్ పోటు నిండిందని స్విచ్ వేస్తున్నాడు.

ఏం కొలిచాం, ఎందుకు

ముందుగా డబ్బు లేకుండా అయ్యేది చూశాం. ఉచితంగా దొరికే ఈఆర్‌ఏ5 (యూరప్ వాతావరణ కేంద్రం కంప్యూటర్ నమూనాతో తయారుచేసే) గాలి డేటా వేస్తే మధ్యాహ్నపు ప్రవాహం దాదాపు కనబడలేదు. దాని గడి వెడల్పు సుమారు 31 కిలోమీటర్లు. తీరం మీది గడిలో సగం కొండలు, సగం సముద్రం. అందులో సముద్రపు గాలి పలచబడిపోతుంది. సముద్రం మీది గాలిని కొలిచే ఉపగ్రహ రాడార్లకు (స్కాటరోమీటర్లకు) ఒడ్డు పక్కన నేల అడ్డొస్తుంది. దగ్గరి వాతావరణ కేంద్రం నుంచి రోజువారీ సగటు తీసుకుంటే ఇంకో చిక్కు. ఒత్తిడి గాలి వేగం వర్గంతో పెరుగుతుంది. ఆరు గంటలు 7 మీటర్లతో, మిగతా రోజంతా 2 మీటర్లతో వీచిన గాలికి సగటు 3 మీటర్ల పైచిలుకు. ఆ సగటుతో వచ్చే ఒత్తిడి మధ్యాహ్నపు అసలు ఒత్తిడిలో అయిదో వంతే. అందుకని పంపు హౌస్ కప్పు మీదే ఒక గాలి మీటరు పెట్టించాను. ఈ కేసులో పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే గిట్టుబాటైంది అదే.

నీటికి ఏడీసీపీ అద్దెకు తెమ్మని సలహా వచ్చింది. అడుగున పెట్టి శబ్దతరంగాలతో లోతు లోతుకీ వేగం చెప్పే మంచి పరికరం. కానీ మాకు అన్ని పొరలు అక్కర్లేదు, పైపు నోటి ఎత్తులో ఏం జరుగుతోందో చాలు. దానికి టిల్ట్ మీటరు సరిపోయింది. అడుగున బరువుకు కట్టిన తేలే గొట్టం అది. నీరు పోయే వైపు వంగుతుంది, లోపలి సెన్సార్ ఆ వంపును రాసుకుంటుంది. కెరటాలకు ముందుకూ వెనక్కూ ఊగుతుంది కాబట్టి నిమిషం రీడింగులు చూస్తే పిచ్చెక్కుతుంది, గంట సగటు తీస్తే నిలుస్తుంది. దాని పక్కనే పైపు నోటికి సెలినిటీ, ఉష్ణోగ్రత రాసే లాగర్ కట్టాం. అలివి వలలు లాగే చోటు కాకుండా ఎక్కడ పెట్టాలో ఊరి మత్స్యకారులనే అడిగాం. వాళ్లలో ఒక పెద్దాయన పనిలో పనిగా ఒక మాట చెప్పాడు: "మద్దినేల గాలెట్టినాక నీరు మీదికి లాగుద్ది బాబూ. గాలి పడిపోయినా రాత్రి భోజనాలేళ దాకా లాగుతూనే ఉంటది." గాలి ఆగినా నీటికి ఆ తోపు మూడు గంటల పాటు జ్ఞాపకం ఉంటుందని నేను కాగితం మీద రాసుకున్నదీ అదే.

బోండాల బదులు డ్రిఫ్టర్లు వేశాం. ప్లైవుడ్ పలకలను ప్లస్ గుర్తు ఆకారంలో బిగించి, మీటరు లోతున వేలాడేలా పైన చిన్న ఫ్లోటు, దాని మీద డబ్బాలో జీపీఎస్. ఎందుకంత తంటా అంటే, నీటి మీద తేలే వస్తువును గాలి నేరుగా తోస్తుంది. తేలే నూనె తెట్టు గాలి వేగంలో 3 శాతం దాకా కదులుతుందని వాడుక లెక్క. అంటే 7 మీటర్ల గాలికి సెకనుకు 21 సెంటీమీటర్లు, కింద ఉన్న నీటికి రెట్టింపు. బోండాన్ని నమ్మితే గెడ్డ నీరు ఉన్నదానికంటే చాలా ముందే వచ్చినట్టు అనిపిస్తుంది.

డ్రిఫ్టర్లు మొగ బయట వదిలితే పొద్దున పూట దాదాపు అక్కడక్కడే తిరిగాయి. మధ్యాహ్నం వదిలినవి ముందు కాస్త ఒడ్డు వైపు జరిగి, తర్వాత ఉత్తరానికి తిరిగి తీరం వెంట పోయాయి. సముద్రపు గాలి మొదట ఆగ్నేయం నుంచి లేచి పొద్దువాలేకొద్దీ దక్షిణానికి తిరుగుతుంది. ఆ తిరుగుడు డ్రిఫ్టర్ల దారిలో కూడా కనబడింది. మొదటి భాగంలో పైనీరు ఒడ్డుకు వస్తుంటే అడుగున నీరు లోపలికి పోతుంది. 2008లో అమెరికాలోని మార్థాస్ వినియార్డ్ తీరం గురించి ఫ్యూయింగ్స్, లెంట్జ్, ఫ్రెడరిక్స్ అనే పరిశోధకులు చూపించింది ఇలాంటిదే. లోతు తక్కువ ఉన్న చోట ఒడ్డుకు అడ్డంగా వీచే గాలి కూడా నీటిని బాగానే మారుస్తుంది. మాకు దానివల్ల జరిగిన మేలు ఏమంటే, తేలికైన గెడ్డ నీరు కాసేపు పైపొరలోనే ఉండి, అడుగుకు దగ్గరగా ఉన్న పైపు నోటికి ఆలస్యంగా అందుతుంది. గాలి ముదిరి చిన్న అలలు లేచాక మాత్రం పై నీరూ కింది నీరూ కలిసిపోతాయి.

టిల్ట్ మీటరు డేటాలో తెల్లవారుజామున ఉత్తరానికి స్వల్పమైన లాగుడు ఉంది. మార్చి, ఏప్రిల్‌లో తీర ప్రవాహం మొత్తంగా ఉత్తరానికే పోతుంది, ఇది దాని అంచు. ఆ ప్రవాహానికి రోజువారీ లయ ఉండదు. కాబట్టి తెల్లవారుజాము విలువను పక్కన పెట్టి, దాని మీద మధ్యాహ్నం పెరిగినదాన్నే గాలి ఖాతాలో వేశాం. ఘర్షణ విలువ నేను అనుకున్నదానికి దగ్గరగానే వచ్చింది. సెలినిటీ లాగర్‌లో కూడా పగటి పోటు ఆలస్యంగా వచ్చే రోజుల్లో సాయంత్రం గొయ్యి పడటం (ఉప్పు తగ్గడం), అదే సమయంలో ఉష్ణోగ్రత పెరగడం కనబడింది.

పనిచేసింది

పైపు పొడిగించే పని ఆపించాను. 400 మీటర్ల అవతల పడవ నుంచి లాగర్ దించి చూస్తే గొయ్యి లోతు తగ్గింది కానీ పోలేదు. అంత ఖర్చుకు అది చాలదనిపించింది.

బదులుగా పంపు వేళ మార్చాం. పోటుతో సంబంధం లేకుండా తెల్లవారుజాము నుంచి ఉదయం 10 లోపు. పైపు నోరు 6 మీటర్ల లోతులో ఉన్నప్పుడు పోటుకోసం ఆగే అవసరమే లేదు. పాత నియమం చిన్న పైపు ఉన్న రోజుల్లోది, అలవాటుగా కొనసాగింది. ఏప్రిల్ అంతా ఇది బాగా నడిచింది. మే రెండో వారంలో బెడిసింది. ఎండాకాలం చివర్లో నైరుతి గాలి కొన్ని రాత్రులు అసలు తగ్గదు. అలాంటి రాత్రి తర్వాత తెల్లవారి పంపు వేస్తే గెడ్డ నీరే వచ్చింది. గడియారం గాలికి బదులుగా నిలబడింది, అంతే. గాలి తన వేళ తప్పిన రోజు గడియారం పనికి రాలేదు.

దాంతో గాలినే నియమంగా పెట్టుకున్నాం. పంపు హౌస్ ఫోన్‌లో ఒక ఎక్సెల్ షీట్. గంటకోసారి గాలి వేగం, దిశ ఎక్కిస్తే తీరం వెంట ఉన్న భాగాన్ని ఒత్తిడిగా మార్చి, ఆ గాలి అలాగే ఉంటే నీరు చివరికి చేరే వేగాన్ని లెక్కగడుతుంది. పాత అంచనాలో 74 శాతం, ఈ కొత్త విలువలో 26 శాతం కలిపితే ఇప్పటి వేగం. మూడు గంటల పైచిలుకు జ్ఞాపకం అంటే గంట అడుగుల్లో ఇదే. కిందటి పాటు మొదలైనప్పటి నుంచి ఆ వేగాలను కూడితే గెడ్డ నీరు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. 500 మీటర్లు దాటితే గడి ఎర్రబడుతుంది, పంపు వేయకూడదు. మిగతా 300 మీటర్లు లెక్కలోని తప్పుల కోసం వదిలిన జాగా. ఆపరేటర్‌కి సూత్రం అక్కర్లేదు, ఎరుపూ ఆకుపచ్చా చాలు. ఆయనే ఇంకోటి కలిపాడు: పంపు బయట గొట్టానికి సెలినిటీ మీటరు పెట్టి, ఉదయం రీడింగు కంటే ఒక్క పాయింటు తగ్గినా ఆపేయడం. షీట్ తప్పినా మీటరు పట్టుకుంటుంది. ఆ సీజన్‌లో ఇంకా కొన్ని బ్యాచ్‌లు పడిపోయాయి. వాటి కారణాలు తల్లి రొయ్యల్లో, మేతలో తేలాయి, నీటిలో కాదు. పదిహేను రోజుల లయ మాత్రం క్యాలెండర్ నుంచి పోయింది.

అక్టోబరు వేరే

నైరుతి వెళ్లి ఈశాన్య గాలి వచ్చాక యజమాని నిశ్చింతగా ఉన్నారు. గాలి తిరిగింది, గెడ్డ ఇప్పుడు పైపుకి దిగువన ఉంది. షీట్ అన్ని గంటలూ ఆకుపచ్చే చూపించింది. కానీ సెలినిటీ 34 నుంచి రోజురోజుకీ దిగుతూ 30 కిందికి వచ్చేసింది.

ఇది గెడ్డ పని కాదు. వానాకాలపు వరద నీరంతా బంగాళాఖాతం ఉత్తర కొస నుంచి తీరం వెంట దక్షిణానికి దిగే నెలలివి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్లు అందులో ఉంటాయి. ఏ వేళకు పంపు వేసినా అదే నీరు. టిల్ట్ మీటరు మళ్లీ దించితే ఇంకో సంగతి బయటపడింది. కప్పు మీద గాలి మీటరు దాదాపు నిద్రపోతున్న రోజుల్లో కూడా నీరు దక్షిణానికి, మార్చిలో మధ్యాహ్నపు గాలి ఇచ్చినదానికంటే బలంగా, పగలూ రాత్రీ పోతోంది. ఈ నెలల తీర ప్రవాహంలో స్థానిక గాలి వాటా ఒక భాగమే. భూమధ్యరేఖ దగ్గర గాలి మార్పులకు పుట్టిన కదలిక బంగాళాఖాతం తూర్పు ఒడ్డు వెంట పైకెక్కి, చుట్టూ తిరిగి, ఒడిశా మీదుగా మన తీరానికి దిగుతుంది. ఇలాంటి అలలు ఉత్తరార్ధగోళంలో ఒడ్డును కుడివైపు ఉంచుకునే ప్రయాణిస్తాయి. దాన్ని మన ఊరి గాలి మీటరు ఎలా చూస్తుంది?

కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా షీట్ పక్కన పెట్టమన్నాను. ఆకుపచ్చ చూపించే తప్పుడు షీట్ కంటే షీట్ లేకపోవడం నయం. సెలినిటీ మీటరు మాత్రం నడుస్తుంది. దాంతో పాటు ఉప్పు మళ్ల నుంచి చిక్కటి ఉప్పునీరు తెప్పించి కలుపుకోవడం, ట్యాంకుల్లో నెమ్మదిగా సర్దడం. ఇందులో సముద్రశాస్త్రం ఏమీ లేదు, హేచరీ వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

ఇలాంటి పనికి దిగేవాళ్లకు

మొదట అడగాల్సింది ఏ నీటి గురించి మాట్లాడుతున్నాం అని. కెరటాలు విరిగే పట్టీ, దాని బయటి 5–10 మీటర్ల లోతు, ఇంకా లోపలి షెల్ఫ్ (తీరాన్ని అంటుకుని ఉన్న లోతు తక్కువ సముద్రం), వీటిని నడిపించేవి వేరు వేరు. ఒకదానిలో వేసిన బోండా రెండోదాని గురించి చెప్పదు. లోతును ఘర్షణ విలువతో భాగిస్తే ఆ నీటి జ్ఞాపకం ఎన్ని గంటలో వస్తుంది. గాలి ఆ గంటల కంటే త్వరగా మారుతుంటే ఈ నిమిషపు గాలి చూసి నీటి గురించి చెప్పడం కుదరదు.

పదిహేను రోజుల లయ కనబడగానే పోటుపాట్ల మీద నేరం వేయొద్దు. ఆ లయ ఇద్దరు కలిసి చేసింది కావచ్చు. విడదీయడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పంపు వేళల రిజిస్టరు, ఎవరో పెన్నుతో గుర్తు పెట్టిన క్యాలెండర్ చాలాసార్లు సరిపోతాయి, కాకపోతే వాటిని చూపించమని అడగాలి.

గెడ్డలోకి నీరు వదిలే వేళలు మార్చుకుందామని పక్క హేచరీల వాళ్లతో ఒక మీటింగ్ పెట్టించాం. తీర ఆక్వాకల్చర్ అథారిటీ నియమాల ప్రకారం ట్రీట్ చేశాకే వదలాలి, అందరూ అదే చేస్తున్నామని అందరూ అన్నారు. గెడ్డకు దక్షిణాన ఉన్న హేచరీ యజమానికి అసలు ఆసక్తి కలగలేదు. ఎండాకాలమంతా గెడ్డ నీరు ఆయన వైపు పోదు మరి. నవంబరులో ఆయనే ఫోన్ చేసి, గెడ్డకు ఉత్తరాన ఉన్నవాళ్లకు ఇచ్చిన షీట్ నాకూ పంపండి, ప్లస్ మైనస్ గుర్తులు తిరగేసుకుంటాను అన్నారు. ఈ నెలల్లో అది పనికిరాదని, పంపు గొట్టానికి సెలినిటీ మీటరు పెట్టుకోమని చెప్పాను. మీటరు పెట్టారు. గెడ్డ మీటింగ్‌కి ఈసారి ఆయనే తారీఖు అడుగుతున్నారు.